మన ఊరి రెండు ఓట్లు

ఎన్నికలు వచ్చాయంటే దోహాలో మన వాళ్ళ ఇళ్ళల్లో రెండు గడియారాలు నడుస్తాయి. ఒకటి ఆఫీసుది, రెండోది మన ఊరిది. 2024 జూన్ 4వ తేదీ, మంగళవారం. అక్కడ ఉదయం ఎనిమిదింటికి ఓట్ల లెక్కింపు మొదలయితే ఇక్కడ అయిదున్నర. ఆ వేళకే మా భవనంలో నాలుగు ఫ్లాట్లలో దీపాలు వెలిగి ఉన్నాయి. నాలుగూ తెలుగు వాళ్ళవే. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఒకరి గుమ్మంలోంచి ఒకరు తొంగి చూసి “మీ నియోజకవర్గం సంగతేమిటి?” అని అడుగుతున్నారు. ఆ రోజు ఆఫీసుల్లో మనం ఎంత పని చేశామో మన పై అధికారులకు తెలియకపోవడమే మంచిది.

ఎవరు గెలిచారో మీ అందరికీ తెలుసు కనుక ఆ సంగతి వ్రాయను. ఎవరు గెలిస్తే బాగుండేదో కూడా వ్రాయను. మన సంఘంలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. ఉగాదికి అందరం ఒకే గిన్నెలో పచ్చడి తింటాం. నేను చెప్పదలచుకున్నది, ఆ ఎన్నికల ముందు పది రోజులు సెలవు పెట్టి మా ఊరు వెళ్ళి దగ్గరుండి చూసిన ప్రచారం గురించీ, అక్కడ నాకు జరిగిన చిన్న పరాభవం గురించీ. ఆ పరాభవం మీలో చాలామందికి జరగడానికి సిద్ధంగా ఉంది. అందుకే ఈ వ్యాసం.

మా ఊరు తెనాలి పక్కన. అసెంబ్లీకి తెనాలి, లోక్‌సభకు గుంటూరు. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలకూ, 25 లోక్‌సభ స్థానాలకూ మే 13వ తేదీన ఒకే రోజున పోలింగు. నేను 3వ తేదీ శుక్రవారం నాటికి ఇంటికి చేరాను. వెళ్ళే ముందు రెండు నెలలపాటు ఇక్కడి నుంచి ఫోనులో మా వాళ్ళందరికీ ఎవరికి ఓటు వేయాలో ఉపన్యాసాలు ఇచ్చి ఉన్నాను. మా అమ్మ “ఊఁ, ఊఁ” అనేది. మా అన్నయ్య “సరేరా, బిల్లు పెరుగుతుంది” అని పెట్టేసేవాడు. ఇప్పుడు ఫోనుకు బిల్లు లేదని అతనికీ తెలుసు!

మా బాబాయి నోటు పుస్తకాలు

మా బాబాయి రిటైరయిన ఉపాధ్యాయుడు. ఏ పార్టీలోనూ లేడు. కాని 1977 నుంచీ ప్రతి ఎన్నికకూ ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రచారంలో తాను చూసినదీ విన్నదీ వ్రాసుకుంటాడు. ఎవరి సభకు ఎన్ని ట్రాక్టర్లు వచ్చాయి, ఏ బజారులో ఏ మాటకు చప్పట్లు కొట్టారు, ఏ ఇంటి ముందు అభ్యర్థి ఆగలేదు... అన్నీ ఉంటాయి. పార్టీల వాళ్ళు కూడా సాయంత్రం వచ్చి ఆయన అరుగు మీద కూర్చుని “మాస్టారూ, మన పరిస్థితి ఎలా ఉంది?” అని అడిగి వెళుతుంటారు. ఆయన అందరికీ ఒకటే జవాబు చెబుతాడు: “మీరు తిరగని వీధిలో బాగాలేదు.”

నేను వెళ్ళిన మర్నాడు ఆ అరుగు మీదే నా విశ్లేషణ మొదలుపెట్టాను. ఢిల్లీలో గాలి ఎటు వీస్తున్నదీ, దాని ప్రభావం ఇక్కడ ఎంత అన్నదీ వివరించాను. బాబాయి అంతా విని పాత పుస్తకాలు తీశాడు.

“ఏరా, 1977లో దేశమంతా కాంగ్రెసు ఓడిపోయింది కదా. మనం ఏం చేశాం? 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చాం. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచి, ఆ ఏడే రాష్ట్రపతి అయ్యాడు. 1983 జనవరిలో, పుట్టి ఏడాదయినా నిండని తెలుగుదేశానికి 294 అసెంబ్లీ స్థానాల్లో 200 పైగా ఇచ్చాం. 1984 డిసెంబరులో ఇందిరాగాంధీ హత్య తరువాత దేశం కాంగ్రెసుకు 400 పైగా సీట్లు ఇస్తే, ఇక్కడ 42లో 30 తెలుగుదేశానికి వచ్చాయి. లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలో అదే పెద్ద పార్టీ. మళ్ళీ 1989లో దేశం కాంగ్రెసును దించితే, మనం అసెంబ్లీనీ కాంగ్రెసుకే ఇచ్చాం, లోక్‌సభకు 39 మందినీ కాంగ్రెసు నుంచే పంపాం. మరి ఢిల్లీ గాలి ఎక్కడ వీచింది నాయనా?”

నేను ఊరుకున్నాను. దూరాన ఉన్న మనం టీవీలో ఢిల్లీనీ హైదరాబాదునూ చూసి ఊరిని అంచనా వేస్తాం. ఊరు మాత్రం తన లెక్క తాను వేసుకుంటుంది.

రెండు మిషన్లు

ప్రచారం ఉదయం ఎండ ఎక్కకముందే మొదలయ్యేది. డప్పులు, మెడలో కండువాలు, సినిమా పాటల వరసలో కట్టిన పాటలతో ఆటో మైకులు. మైకులకు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకే అనుమతి. పదకొండు గంటలకల్లా వీధులు నిర్మానుష్యం. మే నెల ఎండలో తెనాలిలో ఎవరు తిరుగుతారు? మళ్ళీ అయిదు దాటాక కోలాహలం. నేను చిన్నప్పుడు చూసిన గోడమీద రాతలు ఇప్పుడు లేవు. దానికి బదులు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ప్రతి ఫోనులోనూ ప్రచారం ఉంది.

అయితే అసలు ప్రచారం ఈ సందడిలో లేదని బాబాయితో తిరిగాక తెలిసింది. అది ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళ చేతిలో ఉంది. ఒక్కొక్కరికి జాబితాలో కొన్ని పేజీలు అప్పగిస్తారు. ఆ పేజీలో ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు హైదరాబాదులో ఉన్నారు, ఎవరిని కారు పెట్టి తీసుకురావాలి, ఏ ఇంట్లో అత్త ఒకవైపు కోడలు ఒకవైపు, అంతా వాళ్ళకు కంఠస్థం. నోట్ల పంపకం గురించి మీరు వినే ఉంటారు. అది లేదని నేను అబద్ధం చెప్పలేను. కాని మా వీధిలో ఒక పెద్దాయన అన్న మాట కూడా చెప్పాలి: “అందరి దగ్గరా తీసుకుంటే ఎవరికీ బాకీ ఉండం.” దాన్ని సమర్థించడం లేదు. నోటు ఇచ్చినంత మాత్రాన ఓటు వస్తుందనుకునే వాళ్ళకు చెబుతున్నాను.

మా ఊళ్ళో ఈసారి ప్రత్యేకమైన సమస్య ఒకటి వచ్చింది. తెలుగుదేశం, జనసేన, బీజేపీలు పొత్తుతో పోటీ చేశాయి. పొత్తులో తెనాలి అసెంబ్లీ జనసేనకూ, గుంటూరు లోక్‌సభ తెలుగుదేశానికీ వెళ్ళాయి. అంటే పొత్తుకు ఓటు వేయదలచుకున్న మనిషి ఒక మిషను మీద సైకిలునూ, ఇంకొక మిషను మీద గాజు గ్లాసునూ వెతుక్కుని నొక్కాలి. వైఎస్సార్ కాంగ్రెసు వాళ్ళకు ఆ బాధ లేదు. రెండింటి మీదా ఫ్యానే. కనుక పొత్తు కార్యకర్తలు అట్టముక్కలతో రెండు నమూనా మిషన్లు తయారు చేసుకుని వీధివీధికీ పాఠం చెప్పారు. లోక్‌సభ మిషను మీద కాగితం తెలుపు, అసెంబ్లీ మిషను మీద కాగితం గులాబీ రంగు.

మా పక్కింటి మామ్మకు ఎనభై దాటాయి. కుర్రవాడు అట్టముక్క పట్టుకుని మూడోసారి వివరిస్తుంటే విసుక్కుంది.

“తెల్లకాయితం ఢిల్లీది, ఎర్రకాయితం మనది. ఇంకెన్నిసార్లు చెబుతావురా? నీ వయసులో నేను కాయితం మీద గుద్దు గుద్ది మడతపెట్టి డబ్బాలో వేశాను. నువ్వు నాకు నేర్పుతావా?”

“అది కాదు మామ్మా, పొరబాటున...”

“పొరబాటు నాకు రాదు. నేను దేనికి ఏది నొక్కుతానో మాత్రం నిన్ను అడగమనలేదు.”

కుర్రవాడు నవ్వుతూ లేచాడు. బాబాయి దారిలో ఆ మాట నోటు పుస్తకంలో వ్రాసుకున్నాడు.

ఆ ప్రచారంలో మామ్మ లాంటి వాళ్ళు మాట్లాడిన విషయాలు గమనిస్తే నాకు ఆశ్చర్యం వేసింది. పింఛను, బడి, కాలువ నీళ్ళు, అమరావతి, భూమి పాసుపుస్తకాలు: ఇవన్నీ ‘ఎర్రకాయితం’ కింద మాట్లాడుకున్నారు. భూమి హక్కుల చట్టం మీద జరిగిన వాదన అయితే మనదాకా కూడా వచ్చింది కదా. ఊళ్ళో రెండెకరాలో మూడెకరాలో ఉన్న ప్రతి వాడూ దోహా నుంచి ఇంటికి ఫోను చేసి “మన పొలం సంగతేమిటి?” అని అడిగిన రోజులు అవి. ఆ చట్టాన్ని కొత్త అసెంబ్లీ 2024 జులైలో రద్దు చేసింది. రైళ్ళు, పాస్‌పోర్టు, గ్యాసు ధర, ప్రత్యేక హోదా మాటలు వచ్చినప్పుడు ‘తెల్లకాయితం’ అన్నారు. రాజ్యాంగంలోని అధికారాల పట్టికలు వాళ్ళు చదవలేదు. అయినా ఏ పని ఎవరిదో చాలావరకు తెలుసు.

తేడా తెలిసిన ఓటరు

ఎన్నికలు రెండూ ఒకేసారి వస్తే ఒకే గాలికి రెండూ కొట్టుకుపోతాయని మనం అనుకుంటాం. చాలాచోట్ల అలాగే జరుగుతుంది కూడా. కాని తిరుపతి లోక్‌సభ స్థానాన్ని చూడండి. దాని కిందకు ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు వస్తాయి. 2024లో ఆ ఏడింటిలోనూ పొత్తు అభ్యర్థులే గెలిచారు. అదే రోజున, అవే బూతుల్లో, లోక్‌సభకు మాత్రం వైఎస్సార్ కాంగ్రెసు అభ్యర్థి దాదాపు 14 వేల ఆధిక్యతతో గెలిచాడు. అంటే వేలాది మంది ఒక మిషను మీద ఒక పార్టీకీ, పక్క మిషను మీద ఇంకొక పార్టీకీ నొక్కారన్నమాట. వాళ్ళకు ఎవరూ ఫోనులో ఉపన్యాసం ఇచ్చి ఉండరు.

తెలంగాణ మిత్రులకు ఇది ఇంకా బాగా తెలుసు. అక్కడ 2018లో అసెంబ్లీని ముందుగా రద్దు చేయడంతో రెండు ఎన్నికలూ విడిపోయాయి. 2023 నవంబరులో 119 స్థానాలకు జరిగిన ఎన్నికల్లో కాంగ్రెసుకు 64, బీఆర్‌ఎస్‌కు 39, బీజేపీకి 8 వచ్చాయి. ఆరు నెలలు తిరగకుండా 17 లోక్‌సభ స్థానాలకు ఓటు వేస్తే కాంగ్రెసుకు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1. బీఆర్‌ఎస్‌కు ఒక్కటీ రాలేదు.

ఢిల్లీ వినవలసిన మాటను ఢిల్లీ ఓటుతోనే వినిపించాలని తెలిసిన వాళ్ళు నిజామాబాద్ రైతులు. మనలో ఆ ప్రాంతం నుంచి వచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కొక్క బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టవలసి వచ్చింది. వాళ్ళలో ఒక్కరు కూడా గెలవలేదు. గెలవడానికి నిలబడలేదు కూడా. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద వ్రాసిచ్చిన అభ్యర్థి అప్పటి ముఖ్యమంత్రి కుమార్తెను ఓడించి పార్లమెంటుకు వెళ్ళాడు. 2023లో కేంద్రం బోర్డును ప్రకటించింది. 2025 జనవరిలో అది నిజామాబాద్ కేంద్రంగా మొదలయింది. ఇంతకు ముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడు నీళ్ళ బాధను దేశానికి చెప్పడానికి 480 మంది నిలబడితే బ్యాలెట్టు పుస్తకమంత తయారయి, పోలింగునే వాయిదా వేశారు. ఓటును ఇంత తెలివిగా వాడుకున్న వాళ్ళకు మనం ఇక్కడి నుంచి ఏం నేర్పుతాం?

నాకు జరిగిన పరాభవం

ఇక నా కథ. పోలింగుకు నాలుగు రోజుల ముందు ఓటరు చీటీలు పంచడానికి వచ్చారు. అమ్మకు ఒకటి, అన్నయ్యకు ఒకటి, వదినకు ఒకటి. నాది లేదు. వచ్చిన అమ్మాయి జాబితా అంతా వెతికింది. నేను లోపలికి వెళ్ళి నా ఓటరు కార్డు తెచ్చి గర్వంగా చూపించాను. “కార్డు ఉంటే సరిపోదండీ, జాబితాలో పేరు ఉండాలి” అంది.

విచారిస్తే తేలిందేమిటంటే, అంతకు ముందు జాబితా సవరణకు ఇంటికి వచ్చినప్పుడు “మీ రెండో అబ్బాయి ఎక్కడ ఉంటాడు?” అని అడిగారట. మా అమ్మ అబద్ధం చెప్పదు. “ఖతార్‌లో, పద్నాలుగేళ్ళుగా” అంది. చట్టం ప్రకారం మామూలు జాబితాలో ఉండాలంటే ఆ ఊళ్ళో నివాసం ఉండాలి. పేరు కొట్టేశారు. తప్పు వాళ్ళది కాదు, అమ్మది కాదు. ముందుగా చూసుకోని నాది.

మే 13న నేను ఇంటి అరుగు మీద కూర్చున్నాను. హైదరాబాదు నుంచి మా పెదనాన్న పిల్లలు వచ్చారు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరి గంటల తరబడి నిలబడ్డామని చెప్పారు. అయినా వచ్చారు, ఓటు వేశారు. మామ్మను ఆటోలో తీసుకువెళ్ళారు. రాష్ట్రంలో ఆ రోజు నూటికి 81 మందికి పైగా ఓటు వేశారు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటే వరకూ వరసలు తగ్గలేదు. విమానం టిక్కెట్టు కొనుక్కుని సముద్రం దాటి వచ్చిన నేను మాత్రం వచ్చిన వాళ్ళకు మజ్జిగ ఇస్తూ కూర్చున్నాను.

బాబాయి ఓదార్చలేదు. “రెండు నెలల నుంచీ మా అందరికీ ఎక్కడ వేయాలో చెప్పావు. నీకు ఉందో లేదో ఒక్కసారి చూసుకోలేదేమిరా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మనం ఏం చేయవచ్చు?

ఇక్కడ ఖతార్‌లో ఓటు ఈ దేశ పౌరులది. 1999 మార్చి 8న మునిసిపల్ కౌన్సిల్‌కు తొలిసారి ఎన్నికలు జరిగి స్త్రీలు కూడా ఓటు వేసినప్పుడూ, 2021 అక్టోబరు 2న షూరా కౌన్సిల్‌లో 45 మందికి గాను 30 మందిని ఎన్నుకున్నప్పుడూ, 2024 నవంబరు 5న ఆ ఎన్నికల పద్ధతిని మార్చడానికి ప్రజాభిప్రాయం అడిగినప్పుడూ మనం అతిథులుగా చూశాం. అది సహజమే. కాని మనకు హక్కున్న చోట కూడా అతిథులుగా మిగిలిపోతున్నాం.

విదేశాల్లో ఉంటూ భారత పాస్‌పోర్టు ఉన్న వాళ్ళకు ఓటు ఇస్తూ 2010లో చట్టం సవరించారు. 2011 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. పెద్ద కష్టమేమీ లేదు. ఫారం 6ఏ నింపాలి. పాస్‌పోర్టులో ఉన్న మన దేశపు చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడే ఓటు. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు, ఒక ఫోటో జతచేసి కంప్యూటరు ద్వారా గాని పోస్టులో గాని పంపవచ్చు. వాళ్ళు మన ఇంటికి వచ్చి విచారించి, జాబితా చివర ప్రవాస ఓటర్ల కింద పేరు చేరుస్తారు. ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగు రోజున అసలు పాస్‌పోర్టు చూపించాలి.

చిక్కంతా అక్కడే ఉంది. స్వయంగా వెళ్ళాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది కాని రాజ్యసభ దాటకుండానే 2019లో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్టు మన వంటి వాళ్ళకూ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి వ్రాసింది. అదీ చట్టం కాలేదు. 2024లో దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదయిన వాళ్ళు 1 లక్షా 19 వేల మంది. వచ్చి ఓటు వేసిన వాళ్ళు 3 వేలకు లోపు, అందులోనూ చాలావరకు కేరళ వాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో నమోదయిన వాళ్ళు 8 వేలకు దగ్గర. వేసిన వాళ్ళు 200కు లోపు. ఒక్క గల్ఫ్‌లోనే మన వాళ్ళు ఎన్ని లక్షల మంది ఉన్నారో ఆలోచిస్తే ఇది ఎంత చిన్న అంకె!

“ఒక్క ఓటు కోసం అంత ఖర్చా?” అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరూ వెళ్ళలేరు. కాని జాబితాలో పేరు ఉండటం ఒక్కటే కూడా ప్రయోజనమే. ఊరి కుర్రవాడి చేతిలో ఉన్న పేజీలో మన పేరు లేనంత కాలం, విమాన ఛార్జీల గురించి గాని ఇక్కడ కష్టాల్లో ఉన్న మన కార్మికుల గురించి గాని మనం చెప్పే మాట ఏ అభ్యర్థి నోటు పుస్తకంలోకీ ఎక్కదు. పేజీలో లేని ఇంటి ముందు ఎవరూ ఆగరని బాబాయి పుస్తకాలు 1977 నుంచీ చెబుతున్నాయి.

దోహాకు తిరిగి వచ్చిన వారంలోనే నేను ఫారం 6ఏ పంపాను. కొన్నాళ్ళకు విచారణకు ఇంటికి వచ్చారట. మళ్ళీ అదే ప్రశ్న: “మీ రెండో అబ్బాయి ఎక్కడ ఉంటాడు?” మా అమ్మ ఈసారి భయపడింది. నిజం చెబితే మళ్ళీ కొట్టేస్తారేమోనని అన్నయ్య వంక చూసిందట. అన్నయ్య చెప్పమన్నాడు. “ఖతార్‌లో” అంది. ఈసారి అదే సరైన జవాబు. తరువాత వచ్చిన జాబితా చూసి బాబాయి ఫోను చేశాడు: “చిట్టచివరి పేజీలో ఉన్నావురా. ఇక మాట్లాడు.”

తెలంగాణ అసెంబ్లీకి గడువు 2028 చివర, ఆంధ్రప్రదేశ్‌కు 2029. ఇంకా సమయం ఉంది. మన నెలవారీ సమావేశానికి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు నకలు ఒకటి వెంట తెచ్చుకోండి. ఫారాలు నింపడం తెలిసిన మిత్రులు మనలోనే ఉన్నారు. ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. ఎవరికి ఓటు వేయాలన్న చర్చ మాత్రం భోజనాలయ్యాకే.